దలెండా జుట్టుకు పన్నీరు

మార్చి 23

ఈ పుస్తకంలో ఇంతకుముందు పలకల కొలతలూ రంగుల పాళ్ళూ రాసుకునేవాణ్ణి. ఇప్పుడు మాట్లాడడానికి మనిషి లేక ఇందులో రాస్తున్నాను. మనిషి లేక అంటే నా పెళ్ళాం దలెండా ఇంట్లో లేదని కాదు. ఉంది. వాకిలికి అవతల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఉంది. నేను ఇవతల, కార్ఖానా పక్కన ఎండిన కుండలు పేర్చుకునే కొట్లో ఉన్నాను, నా దిండుతో సహా. పిల్లల్లేని ఇల్లు. ఇద్దరం చెరో పక్కన ఉంటే ఇంత పెద్దదిగా కనిపిస్తుందని నాకు తెలియదు.

పండగ అయిపోయింది. మా నబ్యూల్ ఊరు మొత్తంలో ఈసారి మిఠాయి చెయ్యని ఇల్లు మాదేనేమో. చేస్తే నారింజ పువ్వుల పన్నీరు చల్లాలి, చల్లితే దలెండా వాంతి చేసుకుంటుంది.

జనవరిలో జ్వరం ఇద్దరికీ వచ్చింది. నాది దగ్గుతో సరిపోయింది. ఆమెది ముక్కును పట్టుకుపోయింది. మొదట ఏ వాసనా తెలియలేదు. అప్పుడే నయం. తర్వాత వాసనలు తిరిగొచ్చాయిగానీ అన్నీ అడ్డదిడ్డంగా వచ్చాయి. కాఫీ కాలిన రబ్బరట. ఉల్లిపాయ చచ్చిన ఎలుకట. వెల్లుల్లి సంగతి అడగనే కూడదు. సర్దుకుంటుంది, ఎప్పటికని మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. ఈలోగా పెరుగు, ఖర్జూరాలు, చల్లారిన రొట్టె ముక్క, అంతే ఆమె తిండి. ఉంగరం వేలికి నిలవడం లేదని తీసి డబ్బాలో పెట్టేసింది.

పండగ రోజు నేను గడ్డం గీసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, బుగ్గలకు కొలోన్ రాసుకుని పోయి పక్కన కూర్చున్నాను. తలగుడ్డ చివరతో ముక్కు మూసుకుంది. ఏమైందని రెండుసార్లు అడిగాను.

"నువ్వు కూడా, మొంజీ" అంది ఆఖరికి.

ఏడుస్తూ అంది. తిట్టినట్టుగా అనుంటే నేనూ నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

దిండు తీసుకుని ఇక్కడికి వచ్చేశాను. ఇక్కడ హాయిగానే ఉంది. చల్లగా ఉంటుంది.

మార్చి 25

కూర్చుని ఆలోచిస్తే తేలింది. ముక్కు పాడవక ముందు కూడా నా ఒంటి మీది మట్టి ఆమెకు గిట్టేది కాదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఒకటే మాట: ఆ మట్టి చేతులతో బల్ల దగ్గరికి రాకు. మోచేతుల దాకా కడుక్కుని, గోళ్ళు చూపించి, అప్పుడు కూర్చునేవాణ్ణి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే గిట్టనిది ఇప్పుడు కంపు కొట్టదా మరి?

హమామ్‌కి పోయి అక్కడి ఆవిరి స్నానంలో ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దించుకున్నాను. గులాబీ సబ్బు కొన్నాను. కుండలు తిప్పే సారె మీద తడిగుడ్డ కప్పేశాను. ఆర్డరు ఇచ్చినవాళ్ళు వచ్చి అడిగితే నడుం పట్టేసిందని చెప్పాను. మట్టి ముట్టుకోకుండా మనిషి బతకలేడా ఏమిటి?

మార్చి 26

గులాబీ సబ్బు మరీ ఘోరమట. తలుపు అవతల్నించే చెప్పింది.

మార్చి 29

ఈ రోజు దువ్వెన చూశాను.

వాకిట్లో పంపు దగ్గర పెట్టి మర్చిపోయినట్టుంది. దాంట్లో జుట్టు ఒక పిడికెడు ఉంది. జ్వరం వచ్చిన కొన్నాళ్ళకు రాలుతుందని డాక్టరు చెప్పాడట, నాతో అనలేదు. కొంతకాలంగా ఇంట్లో కూడా తలగుడ్డ తియ్యడం లేదు. నేనేమో చలికి అనుకున్నాను.

దలెండా జుట్టు నడుం దాటి ఉండేది. శుక్రవారం తలస్నానం చేసి, ఆ గడప మీద వీపు ఎండకు పెట్టి కూర్చునేది. చివరి చెంబు ఎప్పుడూ తను దించిన పన్నీరే: నారింజ పువ్వులో రోజ్‌మేరీ రెమ్మలు కలిపి బట్టీ పెట్టి తీసినది, తలకు మాత్రమే వాడేది. నీళ్ళ మీద తేలే నూనె బొట్లను పక్షి ఈకతో తీసి ఆలివ్ నూనెలో కలిపి కుదుళ్ళకు పట్టించేది. నేను సారె మీద కుండ తిప్పుతున్నట్టు నటిస్తూ చూసేవాణ్ణి. ఎన్ని కుండలు ఒంకరపోయాయో లెక్కే లేదు. అంచు వాలిపోతోంది చూసుకో అని అక్కణ్ణించే అనేది, తల తిప్పకుండా.

దువ్వెన శుభ్రం చేసి ఉన్నచోటే పెట్టేశాను. ఆ జుట్టును పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక చిన్న మూకుట్లో పెట్టి మూత వేశాను.

ఏప్రిల్ 2

మొగ్గలు విచ్చుకున్నాయి. మా నారింజ చెట్టే కాదు, వీధి వీధంతా. పై ఊళ్ళవాళ్ళు ఈ వాసన కోసమే ఈ నెలలో మా ఊరు వస్తారు. దలెండా కిటికీ సందుల్లో గుడ్డ పేలికలు కుక్కుతోంది.

పక్కింటి సలూహా గిన్నెలో మొదటి బట్టీ నీళ్ళు పట్టుకుని వచ్చింది. ప్రతి ఏడూ ఇంతే. మా వీధిలో ఎవరు బట్టీ పెట్టినా దలెండా వచ్చి ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని వాసన చూడాలి. ఇంకొంచెం రానియ్యి అంటే రానియ్యాలి, చాలు అంటే పొయ్యి ఆర్పెయ్యాలి. ఆమె ముక్కంటే వీధికి అంత గురి.

వాకిట్లోనే ఆపేశాను. తలనొప్పి, పడుకుంది అన్నాను.

"పోయిన వారమూ తలనొప్పే కదా అన్నయ్యా. మా నీళ్ళు చూడ్డానికి దొరసానిగారికి ఇప్పుడు మనసొప్పడం లేదని చెప్పెయ్యరాదూ" అంది సలూహా.

ఒళ్ళు మండింది. అయినా నోరు విప్పలేదు. ముక్కు పోయిందని వీధికి తెలియకూడదని దలెండా నా చేత ఒట్టు వేయించుకుంది. తలుపు వెనక అంతా వినే ఉంటుంది.

ఏప్రిల్ 4

వెళ్ళిపోయింది.

చెల్లెలు నఫీసా, ఆమె మొగుడూ బిజెర్త్ నుంచి బండిలో వచ్చారు. పువ్వుల కాలం అయ్యేదాకా అక్కడ ఉంటుందట. సముద్రం పక్క ఇల్లు, గాలికి ఏ వాసనా నిలవదట. మంచిదే. నేనే వెళ్ళమన్నాను. నా చోట ఎవరున్నా అదే చెప్పేవారు.

బండి ఎక్కేముందు నా దగ్గరికి రాబోయి ఆగిపోయింది. నేను అప్పుడే స్నానం చేసి ఉన్నాను, తల నుంచి కాళ్ళ దాకా. అయినా ఆగిపోయింది. రొట్టె ఫ్రిజ్‌లో ఉంది, హరీసా కారం డబ్బా మూత గట్టిగా పెట్టు అని చెప్పింది. నేను సరే అన్నాను.

"బావా, అక్క మాట పట్టించుకోకు. ముక్కే కదా, మనసు కాదుగా" అంది నఫీసా.

ఆ మాట ఆమె ఎందుకు చెప్పాల్సి వచ్చింది?

ఏప్రిల్ 5

ఆమె లేదు కాబట్టి లోపలి గదిలో పడుకోవచ్చు. పడుకోలేదు. కొట్టు అలవాటైంది.

ఏప్రిల్ 8

సారె మీద గుడ్డ తీశాను. ఎవరికి కంపు కొట్టాలి ఇప్పుడు? తెల్లవారి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవలేదు. గిన్నెలు, గిన్నెలు, గిన్నెలు. ఒక్కటీ ఒంకరపోలేదు. గడప మీద చూడడానికి ఎవరూ లేకపోతే అంచులు చక్కగా వస్తాయని తెలిసింది.

స్నానం కూడా మానేశాను. చేతులు తుడుచుకోకుండానే గుడ్లు వేయించుకుని తిన్నాను.

ఏప్రిల్ 11

ఫోన్ చేసింది. గాలి బాగుంది, చేపలు మాత్రం భరించలేకపోతున్నానంది. జుట్టు ఇంకా రాలుతోందట. నఫీసా షాంపూ ఏదో తెచ్చిందట, అది పెడితే కళ్ళు మంటట.

"మన తలకు పోసే పన్నీరు ఉంటే బాగుండేది" అంది. అంతలోనే, "పిచ్చిదాన్ని. ఉన్నా ఆ వాసన ఓర్చుకోలేను కదా" అని నవ్వబోయింది.

నిరుటి సీసాలన్నీ ఫిబ్రవరిలో తనే మోరీలో పారబోసింది. నేను చూస్తుండగానే. చివరి సీసా పారబోస్తూ నా వైపు చూసింది, ఆపుతానేమోనని. నేను ఆపలేదు. ఆపాలని తెలియలేదు.

ఏప్రిల్ 12

జుట్టుకు ముక్కు లేదు కదా.

రాత్రంతా ఇదే ఆలోచన. ఆమె ముక్కుకు దూది పెట్టుకుంటుంది, నేను తల మీద పోస్తాను. కుదుళ్ళకు కావలసింది కుదుళ్ళు తాగుతాయి. అరగంట ఓర్చుకుంటే చాలు. ఈ మాత్రం ఉపాయం ఇంతకాలం ఎవరికీ తట్టలేదే!

రాగి బట్టీ అటక మీద ఉంది. బట్టీ పని మగవాడు చెయ్యడం మా వీధిలో నేనైతే చూడలేదు. దలెండా చేస్తుంటే చూసిన పనే కదా, ఎంతసేపు.

ఏప్రిల్ 14

చెట్టు కింద దుప్పట్లు పరిచి దులపాల్సింది. మోకాళ్ళు ఒప్పుకోక, కింద రాలి పడి ఉన్న పువ్వులనే ఊడ్చి ఎత్తాను. బుట్టల కొద్దీ ఉన్నాయి. దలెండా ఉంటే రాలిన పువ్వును ముట్టుకోనివ్వదు, అందులో ప్రాణం ఉండదంటుంది. పువ్వు పువ్వే. రోజ్‌మేరీ కొండ మీంచి తెచ్చుకున్నాను.

సలూహా గోడ మీంచి చూసి ఇంట్లోవాళ్ళందరినీ పిలిచింది. నన్ను చూడ్డానికి.

ఏప్రిల్ 15

తల ప్రాణం తోకకొచ్చింది. నాశనం.

రాగి బిందెలో నీళ్ళూ పువ్వులూ పోసి పైన టోపీ పెట్టాను. ఆ టోపీకీ బిందెకూ మధ్య అతుకు ఉంటుంది. దాన్ని గోధుమపిండి జిగురు పూసిన గుడ్డ పేలికలతో చుట్టాలి, లేకపోతే ఆవిరంతా అక్కడే పోతుంది. చుట్టాను. గంట తిరక్కుండా పిండి మాడి పెళ్ళలుగా లేచిపోయింది. ఆవిరి బుస్సున నాలుగు వైపులా పోతోంది. సీసాలోకి వచ్చింది టీ గ్లాసుడు కూడా లేదు, అదీ మాడిన రొట్టె వాసన.

"మంట తగ్గించు అన్నయ్యా, అది ఆవం కాదు" అని గోడ అవతలి నుంచి సలూహా.

నా ఇంట్లో మంట నా ఇష్టం అన్నాను. తర్వాత తగ్గించాను.

ఏప్రిల్ 17

పిండేమిటి, పిండి! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మట్టిలో బతికినవాడికి ఒక అతుకు మూయడానికి పిండి కావాలా?

సారె దగ్గర నానిన మట్టి ఉంది. మెత్తటిది, వెన్నలా చేతికి అంటుకునేది. కొంచెం ఊక కలిపి, చేతి మందాన అతుకు చుట్టూ అద్దాను. వేలితో నున్నగా దిద్దాను కూడా. సన్నమంట పెట్టి, టోపీని చల్లగా ఉంచడానికి పైనున్న తొట్టిలో నీళ్ళు వేడెక్కగానే మారుస్తూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఒక్క ఆవిరి చార బయటికి రాలేదు. చుక్క, చుక్క, చుక్క. దలెండా చూసుంటే నోరెళ్ళబెట్టేది.

బట్టీ పొయ్యి మీద ఉన్నంతసేపూ ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదని ఆమె పట్టింపు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడడానికి ఎవరున్నారని?

గడ్డి అల్లిన పెద్ద సీసా నిండింది. రేపు చూస్తాను వాసన. ఇప్పుడు చూడనని నాకు నేనే చెప్పుకున్నాను.

ఏప్రిల్ 18

మట్టి వాసన.

పువ్వు లేదు, రోజ్‌మేరీ ఎక్కడో అడుగున నక్కి ఉంది. మిగతాదంతా తడిమట్టే. విప్పి చూస్తే అర్థమైంది. అతుకు లోపలి వైపు మట్టి ఆవిరికి మెత్తబడి టోపీ లోపలి గాడిలోకి జారింది. వచ్చిన ప్రతి చుక్కా ఆ మట్టి మీదుగానే వచ్చింది. పైన తేలిన నూనె కూడా లేదు. రాలిన పువ్వులో ప్రాణం ఉండదని ఆమె ఊరికే అనలేదు.

సలూహాకు చూపించకుండా ఉండాల్సింది. ఒక చుక్క చేతి మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, దలెండాలాగే పెద్ద ఫోజు పెట్టి వాసన చూసింది.

"అన్నయ్యా, ఇది పన్నీరు కాదు, కొత్త కుండలో మంచినీళ్ళు. వదిన రానీ, దీన్నీ నిన్నూ కలిపి ఉతికి ఆరేస్తుంది."

ఏ వదిన వస్తుందమ్మా అనబోయి ఆగాను.

కొత్త పన్నీరుకు మొదట్లో మంట వాసన ఉంటుంది. చీకట్లో పెడితే పోతుంది. ఇదీ పోతుంది. బెండు బిగించి, గుడ్డ కట్టి, లోపలి గది అల్మరాలో సీసాలు ఉండే చోటే పెట్టాను. ఇప్పుడక్కడ ఇదొక్కటే ఉంది.

ఏప్రిల్ 22

చూశాను. పోలేదు.

ఏప్రిల్ 24

పోలేదు.

ఏప్రిల్ 26

నఫీసా ఫోన్ చేసింది, దలెండా చెయ్యలేదు. గురువారం వస్తారట. ఎండాకాలం బట్టలు తీసుకెళ్ళడానికి.

పువ్వులు అయిపోవచ్చాయి కదా, ఇంకెందుకు అక్కడ అన్నాను. నఫీసా ఎటూ చెప్పలేక నసిగింది. దలెండా కోసమని మేడ మీద గదికి సున్నం వేయించారట. అక్క ఇక్కడ నాలుగు మెతుకులు తింటోంది బావా, అక్కడికి పంపాలంటే నాకు భయంగా ఉంది అంది. నువ్వే వచ్చి పోతూ ఉండు, మాకేం బరువు కాదు అని కూడా అంది.

చుట్టంలా పోయి వస్తూ ఉండాలి. నా పెళ్ళాన్ని చూడ్డానికి.

నేను కాదనలేదు. తింటోంది అన్నాక ఏ మొహం పెట్టుకుని కాదనను? దలెండాకు ఫోన్ ఇవ్వమన్నాను. పడుకుంది అంది. తలుపు ముందు నిలబడి సలూహాకు నేను చెప్పిన అబద్ధం ఇలాగే ఉండేది.

ఒంటరిగా ఉండలేనని కాదు. ఉండగలను. ఆమె లేకుండా ఉండడం నాకు ఇష్టం లేదు, అంతే. ఈ మాట ఇక్కడ రాసుకోవడం కాదు, ఆమెతో చెప్పాలి. గురువారం పొద్దున్నే హమామ్‌కి పోయి, కొత్త సబ్బు, వాసన లేనిది ఏదైనా ఉంటే కొనుక్కుని, శుభ్రంగా తయారై, దూరంగా నిలబడి చెప్పాలి.

ఏప్రిల్ 29

బుధవారమే వచ్చేశారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మర్చిపోతానని కాదు.

పెద్ద తొట్టి ఒకటి సారె మీద ఉంది, చేతులు మోచేతుల దాకా అందులో ఉన్నాయి. తలుపు చప్పుడైతే సలూహా అనుకున్నాను. తలెత్తితే వాకిట్లో దలెండా ఉంది. ముందుకంటే చిక్కింది. తలగుడ్డ నుదుటి కిందికి లాగి కట్టుకుంది. వెనకాల నఫీసా ఖాళీ సంచులతో ఉంది.

నా అవతారం నాకే తెలుసు. ఎన్నాళ్ళ నుంచో స్నానం లేదు, గడ్డంలో కూడా మట్టి. లేచి పంపు దగ్గరికి పరిగెత్తి తిప్పాను. నీళ్ళు రాలేదు. ఆ వేళ నీళ్ళు ఆపేశారు. ఇక చేసేదేం లేక చెట్టు వెనక్కి పోయి నిలబడ్డాను, ఆమెకు నా గాలి తగలకుండా. అంతదూరం నుంచి ఏమని చెబుతాను? రేపటికి తయారుచేసుకున్న మాటలు కేకలు వేసి చెప్పేవి కావు.

ఆమె లోపలికి పోయింది. అల్మరా తలుపు కిర్రుమంది. బట్టలు తీస్తోంది అనుకున్నాను. తర్వాత సీసా పట్టుకుని గడప మీదికి వచ్చింది. గుడ్డ విప్పి ఉంది, బెండు తీసి ఉంది.

"ఇది ఎవరు కట్టారు? ముడి చూడు" అంది.

నేనే కట్టాను అన్నాను.

"బట్టీ పెట్టావా? నువ్వా?"

నీ జుట్టుకు అన్నాను. పాడైపోయింది, పారబొయ్యి, నేనే పారబోసేవాణ్ణి, మర్చిపోయాను అన్నాను. మర్చిపోలేదు. అది ఆమెకు తెలుసు.

సీసాను మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకు భయం వేసింది, ఎక్కడ కక్కుకుంటుందోనని. ఆమె కళ్ళు మూసుకుంది. ముంజేతి మీద ఒక చుక్క వేసుకుంది, వీధిలో అందరికీ చేసినట్టే. మళ్ళీ పీల్చింది.

"అతుక్కి ఏం పెట్టావు?"

మట్టి అన్నాను.

"మట్టి" అంది. "నువ్వు అతుక్కి మట్టి పెట్టావు."

అని నవ్వడం మొదలుపెట్టింది. గడప మీద కూలబడి, సీసా ఒళ్ళో పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నఫీసా సంచులు పట్టుకుని నిలబడిపోయింది. ఎప్పుడు ఏడుపులోకి మారిందో నేను చూడలేదు. చూసేసరికి ఏడుస్తోంది.

"కంపు లేదు మొంజీ. ఇందులో కంపు లేదు. ఇది మట్టి. మట్టి, మట్టిలాగే ఉంది."

ఇన్ని నెలల్లో ఒక వాసన సరిగ్గా దాని వాసనలాగే ఉండడం ఆమెకు ఇదే మొదలు. ఆ ముక్కు ఎంతటిదో నాకు తెలుసు. అయినా నేను చెట్టు వెనకే ఉన్నాను.

ఇలా రా అంది. నేను రానన్నాను. స్నానం చెయ్యలేదు, నీళ్ళు రావడం లేదు, సబ్బు ఉంది గానీ అంటూ ఏదో చెప్పాను.

"ఆ సబ్బుల వాసనే నన్ను చంపింది. ఆ కొలోన్. రా ఇలా."

వెళ్ళాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, తిప్పి, అరచేతిలో మొహం పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. ఆమె ఊపిరి వెచ్చగా తగిలి మట్టి ఆరుతోంది.

"నేనే కదా కడుక్కోమన్నాను" అంది, చేతిలోంచి మొహం తియ్యకుండానే. "ఇన్నేళ్ళూ నేనే కదా కడుక్కు రమ్మన్నాను."

నాకు అప్పుడు తెలిసింది, పండగ రోజు ఆమె పక్కన కూర్చున్నది నేను కాదు, కొలోన్ సీసా అని. దానికి భయపడి నేను సారెను మూసి, సబ్బు మీద సబ్బు రుద్ది, మిగిలిన నన్ను కూడా కడిగేశాను. ఎంత తెలివైనవాణ్ణి!

చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పాను. నువ్వు లేకుండా ఉండడం నాకు ఇష్టం లేదు అని. ఇంకా పెద్దగా తయారుచేసుకున్నానుగానీ అంతే వచ్చింది. ఆమె తల ఊపింది. తర్వాత తలగుడ్డ విప్పింది.

అది రాయడం కష్టం. నడినెత్తి మీద చర్మం కనిపిస్తోంది. పక్కలకు పల్చగా కొంచెం మిగిలింది, అదీ నెరిసింది. చూడు అన్నట్టు ఊరుకుంది, కళ్ళు మాత్రం నా మీద పెట్టలేదు. నేను చూశాను. నా దలెండాయే. ఇంకేం రాయను?

గిన్నె తెచ్చాను. ఈ నెలలో చేసి కాల్చిన వాటిలో మొదటిది, అంచు చక్కగా వచ్చినది. ఆమె గడప మీద తల వంచుకుని కూర్చుంది, నేను పోశాను.

"నెమ్మదిగా. చెంబుతో గేదెను కడుగుతున్నావా? కుదుళ్ళకు తగలాలి, వేళ్ళతో" అంది.

వేళ్ళతో రాశాను. నా వేళ్ళ మట్టి కూడా ఆమె తలకు అంటింది. చూసి ఏమంటుందోనని ముందే చెప్పేశాను. ఏమీ అనలేదు. చెవి వెనక, మెడ పైన, చిన్న చిన్న వెంట్రుకలు వేలికి గరుకుగా తగిలాయి, కొత్తవి. అవి నా నీళ్ళకు వచ్చినవి కావు, ముందే వచ్చినవి. అయినా ఆమెతో అన్నాను, చూశావా మొలుస్తున్నాయి అని. అంత తొందరగానా, నీ పన్నీరు మహిమే అని వెక్కిరించింది.

బయట బండి హారన్ మోగింది. నఫీసా సంచులు అటూ ఇటూ మార్చుకుని, అక్కా, ఆయన తొందరపడుతున్నారు, బట్టలు సర్దనా అంది.

దలెండా తల ఎత్తలేదు.

"నువ్వు వెళ్ళవే. తల తడిగా ఉంది. తడి తలతో ఎలా బయల్దేరను?"

నఫీసా నా వైపు చూసింది. నేను గిన్నె వైపు చూశాను. ఆమె ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని, అక్క బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది. పోతూ పోతూ, తిండి తినిపించు బావా అని మాత్రం గట్టిగా చెప్పింది.

ఏప్రిల్ 30

ముక్కు బాగుపడలేదు. పొద్దున్న కాఫీ కలిపితే మళ్ళీ కాలిన రబ్బరే. రేపు ఎలా ఉంటుందో తెలియదు. జుట్టు కూడా ఎంత వస్తుందో, ఎప్పటికి వస్తుందో.

సలూహా గోడ మీంచి తల పెట్టి, మొంజీ అన్నయ్య పన్నీరు ఎలా ఉంది వదినా అని అడిగింది, వేడుక చూద్దామని. దలెండా ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, తన ముక్కు సంగతంతా తనే చెప్పింది. సలూహా ఆమె చెయ్యి పట్టుకుంది. దొరసాని అన్నందుకు కళ్ళు తుడుచుకుంది. వచ్చే ఏడాది నీళ్ళు ఎవరు చూస్తారో మరి అని నేనంటే, నీ నోరు మూసుకో అన్నారు ఇద్దరూ కలిసి.

అతుకు మట్టి పాళ్ళు ఇక్కడే రాసి పెట్టుకోమంది. ఊక తగ్గించాలట. ఇంకో సీసా దించాలట.

మధ్యాహ్నం తిండికి పిలిచింది. సారె మీంచి లేచి పంపు దగ్గరికి పోయాను, అలవాటు కొద్దీ. నీళ్ళు వస్తున్నాయి ఇవాళ.

"ఎక్కడికి?" అంది.

చేతులు కడుక్కుని వస్తానన్నాను.

"వద్దు. అలాగే వచ్చి కూర్చో" అని బల్ల మీద నా వైపు రొట్టె జరిపింది. "తుంచి పెట్టు, తింటాను."